చీకటి మేఘాల్లో పోగులు ఎలా పడ్డాయి?

కార్తీక బహుళంలో రాత్రి తొమ్మిది దాటాక చంద్రగిరి నుంచి తూర్పుకు చూస్తే కృత్తికలు, రోహిణి కనిపిస్తాయి. వాటికి కాస్త ఉత్తరంగా, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో, కంటికి ఆనని వృషభరాశి చీకటి మేఘం ఉంది. చీకటి మేఘమంటే వెనకనున్న నక్షత్రాల వెలుగును అడ్డుకునే చల్లని వాయువు, ధూళి. ఇలాంటివి 182 గుర్తించి ఎడ్వర్డ్ బార్నార్డ్ 1919లోనే పట్టిక వేశాడు. లోపలి వాయువు కదలిక మాత్రం చాలాకాలం అందలేదు.

1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ 115 గిగాహెర్ట్జ్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ గీతను, అంటే ఆ అణువులు ఒకే పౌనఃపున్యం దగ్గర పంపే రేడియో తరంగాలను, పట్టుకున్నారు. తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపి, ప్రతిధ్వనిలోని డాప్లర్ మార్పుతో (కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడాతో) గాలి వేగం కొలుస్తుంది. ఇక్కడా సూత్రం అదే, కాకపోతే తరంగాలను మేఘమే పంపుతుంది. వేగం సెకనుకు 1 కి.మీ. మారితే ఆ గీత దాదాపు 385 కిలోహెర్ట్జ్ జరుగుతుంది.

అసలు పేచీ గీతల వెడల్పు దగ్గర వచ్చింది. వాయువులోని భాగాలు వేర్వేరు వేగాలతో కదిలితే గీత వెడల్పవుతుంది. 10 కెల్విన్ (-263 డిగ్రీల సెల్సియస్) చలిలో ధ్వని వేగం సెకనుకు 0.2 కి.మీ. మించదు. గీతలు చూపిన వేగాలేమో దానికి ఎన్నో రెట్లు! మేఘం మొత్తం కుప్పకూలుతోందని కొందరన్నారు. అదే నిజమైతే పాలపుంతలో ఏటా 30 సూర్యుళ్లంత నక్షత్రాలు పుట్టాలి, పుట్టేవి అందులో చిన్న వంతే. కాబట్టి అది అల్లకల్లోలమేనని 1974లో జుకర్‌మన్, ఇవాన్స్ వాదించారు. మేఘం పెద్దదయ్యేకొద్దీ లోపలి వేగమూ పెరుగుతుందని 1981లో లార్సన్ చూపించాడు. ఈ వాదనే నిలబడింది, నిలబడాల్సిందీ అదే. ధ్వనికి 5 రెట్ల వేగంతో ఢీకొన్న వాయువు వేడిని వెంటనే వదిలేస్తుంది కాబట్టి దాని సాంద్రత 25 రెట్లు పెరుగుతుంది. దట్టమైన పొరలు, పోగులు పడేది అక్కడే.

2009లో ఎగిరిన హెర్షెల్ టెలిస్కోప్ ఆ పోగులను ఎక్కడికక్కడ చూపించింది. వెడల్పు సుమారు 0.3 కాంతి సంవత్సరం. ప్రతి 3.26 కాంతి సంవత్సరాల పొడవుకు 16 సూర్యుళ్లకు మించి బరువుంటే పోగు తన బరువుకు తానే ఆగలేక గడ్డలుగా తెగుతుంది. నక్షత్రాలు పుట్టేది ఆ గడ్డల్లోనే. అమ్మోనియా గీతతో చూస్తే గడ్డ అంచు దాటి లోపలికి వెళ్లగానే అల్లకల్లోలం ఒక్కసారిగా అణగిపోతుంది.

కొలతలో పొరపాట్లు ఎక్కువగా అణువు ఎంపికలో జరుగుతాయి. మామూలు కార్బన్ మోనాక్సైడ్ గీత పైపొరలోనే నిండిపోతుంది (లోపలి సంకేతం బయటికి రాదు), నడిమధ్య ఆ అణువులు ధూళికి గడ్డకట్టుకుపోతాయి. కాబట్టి లోపలికి అమ్మోనియానో, డయాజెనిలియంనో (నైట్రోజన్, హైడ్రోజన్ కలిసిన అయాను) వాడాలి. రిసీవర్ విడదీసే ఒక్కో పౌనఃపున్యపు ముక్క, అంటే ఛానెల్, వెడల్పు సెకనుకు 0.1 కి.మీ. వేగానికి మించితే పక్కపక్క పోగులు కలిసిపోతాయి. వృషభరాశిలో ఒకే పొడవాటి పోగుగా కనిపించినదాన్ని 2013లో హకార్ బృందం వేగాలను బట్టి 35 సన్నని పోగులుగా విడదీసింది. ఇంత చేసినా చేతికొచ్చేది మనవైపు, మననుంచి అవతలికి ఉన్న వేగమే. అడ్డంగా సాగే ప్రవాహం ఈ గీతల్లో కనిపించదు.