పసుపు చొక్కా ఎవరికి, ఎందుకు?

కడప

చిన్నోడికీ, పాపకూ,

మీరిద్దరూ టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం చూస్తూ పోట్లాడుకున్నారని మీ నాయన ఫోన్లో చెప్పాడు. లైను ముందు దాటినోడిని పక్కన పెట్టి, వెనక గుంపులో వచ్చినోడికి పసుపు చొక్కా తొడిగారు, ఇది మోసం అని చిన్నోడు అన్నాడట. టీవీ వాళ్లు పొరబడి ఉంటారని పాప అన్నదట. మోసమూ లేదు, పొరబాటూ లేదు. ఫోన్లో చెబితే సగంలో మీరు పరుగెత్తిపోతారు, అందుకే ఉత్తరం రాస్తున్నా.

అక్కడ జరిగేది ఒక పందెం కాదు. రోజుకొక పందెం, దాన్ని స్టేజి అంటారు. అట్లాంటివి 21. మధ్యలో రెండు రోజులు విశ్రాంతి, అంతా కలిపి 23 రోజులు. దారి ఏటా మారుతుంది కాబట్టి దూరమూ మారుతుంది, సుమారుగా 3,300 నుంచి 3,500 కిలోమీటర్లు అనుకోండి. ప్రతి రైడరుకూ ఆ రోజు ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటారు. మర్నాటిది దానికి కూడతారు. అందరికంటే తక్కువ మొత్తం ఎవరిదైతే ఆ సాయంత్రం పసుపు చొక్కా వాళ్లది. మర్నాడు లెక్క మారితే చొక్కా ఇంకొకరి ఒంటి మీదికి పోతుంది. ఆఖరి రోజున ఎవరి ఒంటి మీద ఉంటే వాళ్లు గెలిచినట్టు.

కాబట్టి ఒక్క స్టేజీ గెలవకుండా టూర్ గెలవొచ్చు. 1990లో అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ అట్లాగే గెలిచాడు.

అంతకు ముందు ఏడు, 1989లో, అదే లెమాండ్ చేసిన పని ఇంకా వింత. ఆఖరి స్టేజి వర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల టైం ట్రయల్. టైం ట్రయల్ అంటే గుంపు ఉండదు, ఒక్కొక్కరినే కాస్త ఎడంగా వదులుతారు, గడియారంతోనే పోటీ. ఫ్రాన్సు రైడర్ లొరాన్ ఫిన్యోన్ 50 సెకన్లు ముందున్నాడు. అంత చిన్న దూరంలో 50 సెకన్లు పోగొట్టుకుంటాడని ఎక్కువమంది అనుకోలేదు. లెమాండ్ మాత్రం గాలికి అడ్డు తగలకుండా ముందుకు వంగి మోచేతులు ఆనించుకునే కొత్త రకం హ్యాండిల్ బిగించుకున్నాడు, గాలిని కోసే హెల్మెట్ పెట్టుకున్నాడు. ఫిన్యోన్ హెల్మెట్ లేకుండా, జుట్టు పిలకగా కట్టుకుని వచ్చాడు. లెమాండ్ అతని కంటే 58 సెకన్లు తక్కువలో ముగించాడు. మూడు వారాలు, 87 గంటలకు పైగా తొక్కిన తర్వాత ఇద్దరి మధ్య తేడా 8 సెకన్లు. ఈ లెక్క తెలియకుండా ఆ రోజు టీవీ చూసినోడికి ఒక మనిషి ఒంటరిగా సైకిల్ తొక్కడం తప్ప ఇంకేమీ కనపడి ఉండదు. తెలిసినోళ్లకు గుండె నోట్లోకి వచ్చి ఉంటుంది.

2020లోనూ అట్లాంటిదే. స్లొవేనియా కుర్రాడు తదేయ్ పొగాచర్, తన దేశం వాడే అయిన ప్రిమోజ్ రోగ్లిచ్ కంటే 57 సెకన్లు వెనక ఉండి, చివరి నుంచి రెండో స్టేజిలో, కొండ మీద ముగిసే టైం ట్రయల్లో చొక్కా లాక్కున్నాడు. అప్పటికి వాడి వయసు 21. ఆ తర్వాత 2021, 2024, 2025 కూడా వాడివే. మధ్యలో 2022, 2023 డెన్మార్క్ రైడర్ యోనాస్ వింగెగార్డ్‌వి.

మరి వెనక గుంపులో వచ్చినోడికి టైం పోలేదా అని అడుగుతారు. ఒకే గుంపుగా లైను దాటితే ముందున్నోడికీ చివరోడికీ ఒకే టైం వేస్తారు. లేకపోతే నూటయాభై మంది ఆ చివరి మలుపులో ఒకరినొకరు తోసుకుని ఎముకలు విరగ్గొట్టుకుంటారు. గుంపు విడిపోయి మధ్యలో సందు కనపడితే మాత్రం గడియారం పని మొదలవుతుంది. స్టేజి మొదట దాటిన ముగ్గురికి సాధారణంగా 10, 6, 4 సెకన్లు బోనసుగా తగ్గిస్తారు. మీరు చూసిన రోజు ఇదే జరిగి ఉంటుంది: గెలిచినోడికి బోనస్ వచ్చింది గానీ, పాత లెక్కలో వాడు నిమిషాల కొద్దీ వెనక ఉన్నాడు.

ఇంక గాలి సంగతి. ఇది అర్థం కాకపోతే ఈ ఆటలో సగం అర్థం కాదు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే రోజుల్లో లేడీస్ సైకిల్ మీద డ్యూటీకి పోయేదాన్ని. ఆషాఢంలో ఎదురుగాలి కొడుతుంటే పెడల్ కదిలేది కాదు. ముందు ఎవరైనా పోతుంటే వాళ్ల వెనకే అతుక్కునేదాన్ని, కాళ్లకు ప్రాణం లేచొచ్చేది. మీకు అనంతపురంలో గాలికేం కొదవ? ఆదివారం పొద్దున బడి గ్రౌండులో ఒకరి వెనక ఒకరు తొక్కి చూడండి, తర్వాత చోటు మార్చుకోండి. రోడ్డు మీద మాత్రం వద్దు, లారీ వెనక అసలే వద్దు, మీ అమ్మ నన్ను బతకనివ్వదు. వెనకున్నోడికి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది, పెద్ద గుంపు నడిమధ్యలో ఉంటే ఇంకా తగ్గుతుంది. ఆ పెద్ద గుంపునే పెలోటాన్ అంటారు.

అందుకే నలుగురైదుగురు పొద్దున్నే గుంపును వదిలి పారిపోయినా వెనకున్నోళ్లు కంగారు పడరు. పోనీలే, అలిసిపోతారు అని వదిలేస్తారు. ఫ్రాన్సులో రోబేర్ షపాట్ అని ఒక కామెంటేటర్ ఉండేవాడు. ఆయన పేరు మీద ఒక లెక్క ఉంది: ఒంటరిగా ముందు పోయేవాడికి మిగిలిన ప్రతి 10 కిలోమీటర్లకూ ఒక నిమిషం ఆధిక్యం ఉండాలి, లేకపోతే దొరికిపోతాడు. ఇంక 30 కిలోమీటర్లు ఉంది, వాడికి రెండు నిమిషాలే ఉంది అంటే మీరే చెప్పేయొచ్చు. ప్రతిసారీ నిజం కాదు, కాకపోవడంలోనే మజా. ఆఖరి కిలోమీటరు దగ్గర ఎర్ర జెండా వేలాడుతుంటుంది. అక్కడ కూడా గుంపు వెనకే ఉంటే మీ జేజి కుర్చీలో కూర్చోలేదు.

గాలి పక్క నుంచి కొట్టే రోజు ఇంకా ప్రమాదం. అప్పుడు సరిగ్గా వెనక ఉంటే లాభం లేదు, రోడ్డుకు అడ్డంగా ఏటవాలుగా వరుస కట్టాలి. రోడ్డు వెడల్పు పది పదిహేను మందికే సరిపోతుంది. మిగిలినోళ్లు తెగిపోయి ఇంకో వరుస కట్టుకోవాలి. చదునైన రోడ్డు కదా, ఈ రోజు ఏముంటుందిలే అని టీవీ ఆపేసిన రోజే కొందరి టూర్ అయిపోతుంటుంది.

పాప ఇంకో ప్రశ్న అడిగిందట, ఐదు గంటలు తొక్కుతుంటే ఒంటికి ఎట్లా పోతారని. మంచి ప్రశ్న, పెద్దోళ్లు సిగ్గుపడి అడగరు. పెద్ద తొందర లేని వేళ చూసి గుంపులో చాలామంది ఒకేసారి రోడ్డు పక్కన ఆగుతారు. పసుపు చొక్కా వాడు అట్లా ఆగినప్పుడు అదను చూసుకుని పారిపోకూడదు. రూలు పుస్తకంలో లేని మర్యాద అది. 2022లో పిరనీస్ కొండల్లో దిగుతుంటే పొగాచర్ జారి పడ్డాడు. పసుపు చొక్కాలో ఉన్న వింగెగార్డ్ వేగం తగ్గించి అతను వచ్చేదాకా ఆగాడు. పొగాచర్ వచ్చి చెయ్యి కలిపాడు. తర్వాతి కొండ ఒటకామ్ మీద మాత్రం దయ చూపలేదు, వదిలేసి పోయాడు. నాకు రెండూ నచ్చాయి.

ఆ కొండ మీద ముందుండి లాగింది ఎవరో తెలుసా? వింగెగార్డ్ టీం వాడే, బెల్జియం రైడర్ వౌట్ వాన్ ఆర్ట్. అప్పటికే వాడి ఒంటి మీద ఆకుపచ్చ చొక్కా ఉంది (దాని సంగతి తర్వాత చెబుతా), ఆ రోజంతా ముందు గుంపులో తొక్కి వచ్చాడు, అయినా తోటివాడి కోసం ఆఖరి చుక్క దాకా లాగాడు. ఒక్కో టీంలో ఎనిమిది మంది. అందులో గెలవడానికి వచ్చేది ఒకరో ఇద్దరో. మిగిలినోళ్లు గాలికి అడ్డంగా ఉండటానికి, వెనక కారు దాకా పోయి చొక్కా నిండా నీళ్ల సీసాలు కుక్కుకుని రావడానికి, లీడర్ చక్రం పాడైతే తన చక్రం ఊడదీసి ఇవ్వడానికి. గెలిస్తే ప్రైజ్ మనీ టీం అంతా పంచుకోవడం అక్కడి ఆనవాయితీ.

ఒకప్పుడు ఈ సాయమే నేరం. 1913లో యూజెన్ క్రిస్టోఫ్ అనే రైడర్‌కు తుర్మలే కొండ దిగేటప్పుడు సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింది ఊళ్లో కొలిమి దగ్గర తన చేతులతోనే ఇనుము కాల్చి అతుకు పెట్టుకున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూశారు. తిత్తి ఊదింది ఒక పిల్లోడు, అది పరాయి సాయం కిందికి వస్తుందని జరిమానా వేశారు! 1919లో పసుపు చొక్కా మొదలుపెట్టినప్పుడు మొదట తొడుక్కున్నది మాత్రం ఆ క్రిస్టోఫే. పసుపు ఎందుకంటే, 1903లో ఈ పందెం పెట్టిన లోటో అనే పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది. పత్రిక అమ్ముడుపోవడానికే పందెం పెట్టారు, దేశభక్తి కోసం ఏమీ కాదు.

తక్కిన చొక్కాలు తొందరగా చెప్పేస్తా. ఆకుపచ్చ పాయింట్లకు, ఎక్కువగా స్ప్రింట్ వీరులకు, అంటే ఆఖర్లో లైను దగ్గర దూసుకుపోయేవాళ్లకు పోతుంది. తెలుపు మీద ఎర్ర చుక్కలది కొండల మీద పాయింట్లకు. తెల్లది కుర్రాళ్లలో ముందున్నోడికి. 2024లో ఆకుపచ్చ చొక్కా ఎరిత్రియా నుంచి వచ్చిన బినియామ్ గిర్మయ్ తీసుకుపోయాడు. ఆ ఏడు మూడు స్టేజీలు గెలిచాడు. ఆఫ్రికా నల్లజాతి రైడర్లలో టూర్ స్టేజి గెలిచిన మొదటివాడు అతనే. మన వైపు పిల్లలు చూడాల్సిన పేరు.

కొండల రోజులు మీకు సెలవు ఉంటే మొదటి నుంచి చూడండి. ఎక్కుడు కష్టాన్ని బట్టి నాలుగు నుంచి ఒకటి దాకా నంబర్లు ఇస్తారు, నాలుగు తేలిక. ఒకటి కంటే ఘోరమైనవాటికి నంబరే ఉండదు. ఆల్ప్ దుయెజ్ అట్లాంటిది: 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు, సగటున నూరు మీటర్లకు ఎనిమిది మీటర్లు పైకి. రాయచోటి బస్సు గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను మూలిగే మూలుగు గుర్తుంది కదా, అదే మూలుగు అక్కడ మనుషుల ముఖాల్లో కనపడుతుంది. గాలి సాయం అక్కడ తక్కువ, ఒంటి బరువూ కాళ్ల సత్తువా మాత్రమే. నిమిషాలకు నిమిషాలు తేడాలు వచ్చేది అక్కడే.

ఆ రోజుల్లో అందరూ ముందున్నోడినే చూస్తారు. నేను వెనక్కి చూడమంటా. స్ప్రింటర్లు బరువుగా ఉంటారు, కొండ ఎక్కలేరు. కానీ గెలిచినోడి టైం మీద ఇంత శాతం లోపు రాకపోతే మర్నాడు ఇంటికి పంపేస్తారు. అందుకని వెనక ఒక గుంపు కట్టి, లెక్కలు వేసుకుంటూ, ఒకరినొకరు లాక్కుంటూ వస్తారు. మార్క్ కావెండిష్ సంగతి వినండి. ఎడ్డీ మెర్క్స్ అనే మహా రైడర్ గెలిచిన 34 స్టేజీల రికార్డును 2021లోనే సమం చేశాడు. ఇంకొక్కటి కావాలి. 2023లో పడి మెడ కింద ఎముక విరిగి ఇంటికి పోయాడు. 39 ఏళ్ల వయసులో 2024లో మళ్లీ వచ్చాడు. మొదటి రోజే, ఫ్లోరెన్స్ నుంచి రిమినికి పోయే దారిలో, ఎండ దెబ్బకు వాంతులు చేసుకున్నాడు, గుంపు వదిలేసింది. టీం వాళ్లు ఆగి, తల మీద నీళ్లు పోస్తూ, గడువు లోపల లైను దాటించారు. నాలుగు రోజులకు, ఐదో స్టేజిలో, 35వది గెలిచాడు. ఆ గెలుపు ఫోటోలో ఉన్నది ఒక్కడే. మొదటి రోజు చూసినోళ్లకు మాత్రం ఇంకా కొందరు కనపడతారు.

మీ నాయన ఇంకొకటి చెప్పమన్నాడు, దాచాల్సిన పని లేదు. అమెరికా రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు గెలిచాడు. నిషేధించిన మందులు వాడాడని తేలి 2012లో ఏడూ తీసేశారు. ఆ గెలుపులు ఇంకెవరికీ ఇవ్వలేదు, ఆ గళ్లు ఖాళీగానే ఉన్నాయి. అప్పటి నుంచి ఎవరు మరీ బాగా తొక్కినా జనం అనుమానంగా చూస్తారు. మీరూ అడగండి, తప్పు లేదు, కానీ సాక్ష్యం లేకుండా దొంగ అనకండి.

ఇప్పుడు పని. ఫ్రాన్సు ఎండాకాలం టైముకు మనం మూడున్నర గంటలు ముందు. వాళ్ల సాయంత్రం ఐదుకు స్టేజి ముగుస్తుంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. ఏడున్నరకు హోంవర్కు ముగించి కూర్చుంటే చాలు, అన్నం తింటూ ఆఖరి గంట చూడొచ్చు. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మొదటి పదిమంది పేర్లు, పసుపు చొక్కా కంటే ఎన్ని నిమిషాల సెకన్లు వెనక ఉన్నారో రోజూ రాయండి. కూడికల్లో చిన్నోడు తడబడతాడు కాబట్టి పాప సరిచూడాలి. దాంతోపాటు ఇద్దరూ చెరొక పేరులేని రైడర్‌ని ఎంచుకోండి, నీళ్ల సీసాలు మోసేవాణ్ని. వాడు ఎన్నో స్థానంలో ఉన్నాడో, టైం లోపల వచ్చాడా లేదా రాయండి.

మగవాళ్ల టూర్ అయిపోయిందని పుస్తకం మూసేయొద్దు. 2022 నుంచి ఆడవాళ్లకూ టూర్ డి ఫ్రాన్స్ ఫామ్ అని నడుస్తోంది. 2024లో ఎనిమిది స్టేజీల తర్వాత పోలండ్ రైడర్ కాషా నెవియాడోమా గెలిచిన తేడా ఎంతో తెలుసా, 4 సెకన్లు! అదీ ఆల్ప్ దుయెజ్ కొండ మీదే ముగిసింది. రెండో స్థానంలో నిలిచిన డెమి వోలెరింగ్ ఐదో స్టేజిలో పడి నిమిషంన్నరకు పైగా పోగొట్టుకుంది. ఆఖరి రోజు ఆ స్టేజి గెలిచి కూడా అందుకోలేకపోయింది. కాబట్టి నోటుబుక్కు కాస్త మందంగా ఉన్నది కొనిపించుకోండి, డబ్బులు నేను పంపిస్తా.

ఇట్లు,
మీ జేజి