బరువు కొట్టుకుపోదు: మియాటానా, సివిక్కా?

అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు కుర్రాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇంకా పెళ్ళి కాలేదు, చేతిలో నాలుగు డాలర్లు ఆడుతున్నాయి. మాజ్దా మియాటా కొనుక్కోవాలా, బుద్ధిగా హోండా సివిక్ కొనుక్కోవాలా? ఒకరు సరదా తీర్చుకోమంటారు, ఇంకొకరు రీసేల్ విలువ చూసుకోమంటారు. ఈ రెండు కార్ల మధ్య అసలు తేడా బరువులో ఉంది. ఆ బరువు ఏం చేస్తుందో తెలిస్తే ప్రశ్న సగం తేలినట్టే.

మియాటా అసలు పేరు ఎంఎక్స్-5. 1989లో షికాగో ఆటో షోలో బయటికొచ్చింది. 1960ల నాటి లోటస్ ఎలాన్ లాంటి చిన్న బ్రిటిష్ బళ్ళ పద్ధతిని, నూనె కారకుండా, రోజూ స్టార్ట్ అయ్యేలా జపాన్ వాళ్ళు మళ్ళీ చేసి చూపించారు. ఇప్పటి నాలుగో తరం కారుని అభిమానులు ఎన్‌డీ అంటారు. రెండు సీట్లు, మడిచే గుడ్డ పైకప్పు, 2 లీటర్ల ఇంజన్, 181 హార్స్‌పవర్, వెనక చక్రాలకు డ్రైవ్, బరువు దాదాపు 1,060 కిలోలు. 2022 మోడల్‌గా వచ్చిన 11వ తరం సివిక్ మామూలు రకానికి కూడా 2 లీటర్ల ఇంజనే. 158 హార్స్‌పవర్, ముందు చక్రాలకు డ్రైవ్, 1,300 కిలోలు. హార్స్‌పవర్, టార్క్ కథలు అందరూ చెబుతారు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. మలుపు దగ్గరికి వెళ్దాం.

ఇంటర్ ఫిజిక్స్‌లో ఒక లెక్క ఉంటుంది. మలుపు తిరిగే బండికి కావలసిన అభికేంద్ర బలం దాని ద్రవ్యరాశికి అనుపాతంలో ఉంటుంది. టైర్లు ఇవ్వగలిగే ఘర్షణ బలం కూడా ద్రవ్యరాశికి అనుపాతమే. రెండు వైపులా ఉన్న ద్రవ్యరాశిని కొట్టేస్తాం. మిగిలేవి ఘర్షణ గుణకం, మలుపు వ్యాసార్థం, గురుత్వ త్వరణం. అంటే లారీ అయినా మోపెడ్ అయినా ఒకే మలుపులో ఒకే వేగంతో పోవచ్చన్నమాట. మార్కులు పూర్తిగా పడతాయి. కానీ ఏ డ్రైవర్నడిగినా అలా జరగదని చెబుతాడు. పాఠంలో దాటేసిన ముక్క ఒకటుంది. గుణకం స్థిరం అన్నది చెక్క దిమ్మల లెక్క, రబ్బరుకి అది వర్తించదు.

రబ్బరు మెత్తన. రోడ్డు మీది గరుకు మొనల చుట్టూ ఒదిగిపోయి పట్టుకుంటుంది. పట్టు వచ్చేది నిజంగా తాకుతున్న విస్తీర్ణం నుంచి. బరువు రెట్టింపు చేస్తే ఆ విస్తీర్ణం రెట్టింపు కాదు. ఒక గుండ్రటి మొన మీద సాగే పదార్థాన్ని నొక్కితే, తాకే విస్తీర్ణం బరువుకి మూడింట రెండు (2/3) ఘాతంలో పెరుగుతుందని 1880ల్లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హెర్ట్జ్ లెక్క కట్టాడు. అంటే బరువు రెండు రెట్లైతే విస్తీర్ణం 1.59 రెట్లు మాత్రమే. నిజం టైరు కింద లక్షల మొనలుంటాయి కాబట్టి తరుగు ఇంత ఉండదు గానీ, దిశ అదే. టైరు మీద భారం పెరిగేకొద్దీ ప్రతి అదనపు కిలోకీ దొరికే పట్టు తగ్గుతుంది. టైర్ల ఇంజనీర్లు దీన్ని లోడ్ సెన్సిటివిటీ అంటారు. తేలిక కార్ల సంగతంతా ఇందులోనే ఉంది.

ఒక ఇరుసు మీది రెండు టైర్లను కాడికి కట్టిన ఎడ్ల జత అనుకోండి. భారం సమంగా పడితే రెండూ బాగా లాగుతాయి. కాడి ఒక పక్కకి వాలితే ఒకదాని మెడ మీద భారమంతా పడుతుంది, రెండోది ఊరికే నడుస్తుంది. అలసిన ఎద్దు పోగొట్టినంతా తేలికపడ్డ ఎద్దు తిరిగి ఇవ్వలేదు. మలుపులో కారు చేసేదిదే. లోపలి టైరు మీది భారం బయటి టైరు మీదికి మారుతుంది.

అంకెలు వేసి చూద్దాం. ఒక్కో టైరు మీద 250 కిలోలు, అక్కడ గుణకం 1.00. పెరిగిన ప్రతి 100 కిలోలకీ అది 0.06 తగ్గుతుందనుకుందాం. కారు నేరుగా ఉన్నప్పుడు జత పట్టు 500 కిలోలు. మలుపులో 150 కిలోలు బయటికి మారితే బయటి టైరు మీద 400 కిలోలు, గుణకం 0.91, పట్టు 364. లోపలి దాని మీద 100 కిలోలు, గుణకం 1.09, పట్టు 109. మొత్తం 473. పైసా బరువు పెరగలేదు, తగ్గలేదు, కానీ 27 కిలోల పట్టు పోయింది. ఇప్పుడు 150కి బదులు 75 కిలోలే మారాయనుకోండి. అవే సూత్రాలతో పోయేది 7 కిలోలకి కొంచెం తక్కువ. బదిలీ సగమైతే నష్టం నాలుగో వంతుకి పడిపోయింది. ఎందుకంటే నష్టం బదిలీ వర్గానికి అనుపాతం.

ఆ బదిలీ దేని మీద ఆధారపడుతుంది? కారు బరువుని గరిమనాభి ఎత్తుతోనూ, మలుపులో పక్క త్వరణంతోనూ (గురుత్వ త్వరణంలో ఎన్నో వంతో) గుణించి, చక్రాల మధ్య వెడల్పుతో భాగించాలి. మియాటా గరిమనాభి 46 సెంటీమీటర్ల ఎత్తున, చక్రాల మధ్య వెడల్పు 150 సెంటీమీటర్లు అనుకుంటే, గురుత్వ త్వరణంలో 0.8 వంతు పక్క త్వరణం దగ్గర రెండు ఇరుసులకీ కలిపి 260 కిలోలు మారతాయి. సివిక్‌కి 53, 155 అనుకుంటే 355 కిలోలు. నిష్పత్తి 1.37, దాని వర్గం 1.87. అవే టైర్లు వేస్తే సివిక్ పోగొట్టుకునే పట్టు దాదాపు రెట్టింపు. బరువులో 23 శాతమే తేడా ఉన్నా మలుపులో తేడా అంతకన్నా ఎక్కువగా తెలిసేది ఇందుకే.

బరువైన కారుకి వెడల్పు టైర్లు వేస్తే సరిపోదా అంటారు. సరిపోతుంది. కానీ వెడల్పు టైరుకి పెద్ద రిమ్ము కావాలి. ఆ బరువంతా స్ప్రింగుల కింద ఉంటుంది కాబట్టి దాన్ని అదుపు చేయడానికి గట్టి డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) కావాలి. బ్రేకులూ పెరగాలి. గంటకి 100 కిలోమీటర్ల నుంచి ఆగాలంటే మియాటా బ్రేకులు మింగాల్సింది 409 కిలోజౌళ్ళు, సివిక్‌వి 500 దాటాలి. ఇలా ఒక కిలో ఇంకో కిలోని పిలుచుకొస్తుంది.

ఇంకో మాట. చాలామంది ఎక్కడో చదివి ముందు ఇరుసుకి యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లావుది వేయిస్తారు. ముందు చక్రాల డ్రైవ్ కారులో బరువు 60 శాతం దాకా ముందే ఉంటుంది. ముందు బార్ గట్టిపడితే భార బదిలీలో ఎక్కువ వాటా ముందు ఇరుసు మీదే పడుతుంది. కారు ఒరగడం తగ్గుతుంది గానీ, పైన చెప్పిన వర్గం లెక్క ప్రకారం ముందు పట్టు కూడా తగ్గుతుంది. డబ్బులిచ్చి ఎద్దు మెడ మీద ఇంకో బస్తా వేయించుకోవడమే.

టైరులో గాలికీ ఇదే సూత్రం. మొదటి తరం మియాటాకి కంపెనీ చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ. మామూలు సెడాన్లకి 32 నుంచి 35. షాపులో అలవాటు కొద్దీ అన్నిటికీ 35 కొడతారు. తేలిక కారులో అది పడితే టైరు మధ్య మాత్రమే ఆని, కారు గుంటల మీద ఎగురుతుంది. కొత్త బండికి పూజ చేసి నిమ్మకాయలు తొక్కిస్తారు కదా, తొక్కించండి, కారుకేం నష్టం లేదు. కానీ దిష్టి మీద ఉన్న శ్రద్ధలో పదో వంతు గాలి మీద పెడితే మేలు. 265 కిలోలు మోసే టైరు 29 పీఎస్‌ఐ దగ్గర నేలని తాకేది 130 చదరపు సెంటీమీటర్లు, పెద్దవాళ్ళ అరచేయంత. డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీది స్టిక్కర్ చదివి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి.

తేలికతనం ఊరికే రాదు. ఏం మోయకూడదో ముందే నిర్ణయించుకుంటేనే అది సాధ్యమవుతుంది. స్ప్రింగులే చూడండి. మన మారుతి స్విఫ్ట్ బరువు 900 కిలోల చుట్టుపక్కలే, మియాటా కన్నా తక్కువ! అయినా దాన్ని స్పోర్ట్స్ కారు అనం. ఎత్తు, సన్న టైర్లు ఒక కారణం. అసలు కారణం, అది తన బరువులో దాదాపు సగం మోయాలి. ఖాళీగా వెనక ఇరుసు మీద 340 కిలోలున్నాయనుకుంటే, వెనక ముగ్గురెక్కి డిక్కీ నిండాక 590 అవుతుంది. 1.7 రెట్లు. స్ప్రింగ్ ఊగే పౌనఃపున్యం భారం వర్గమూలానికి విలోమం కాబట్టి నిండు బండి 24 శాతం నిదానంగా ఊగుతుంది. నిండుగా ఉన్నప్పుడు కింద తగలకూడదని గట్టి స్ప్రింగు పెడతారు, అందుకే ఒక్కరే వెళ్ళేటప్పుడు వెనక భాగం ఎగురుతుంది. మియాటాలో ఇద్దరూ ఇరుసుల మధ్యే కూర్చుంటారు. వెనక ఇరుసు భారం 16 శాతం పెరిగితే పౌనఃపున్యం మారేది 7 శాతమే. స్ప్రింగుని ఒకే భారానికి సరిగ్గా కుదర్చగలరు.

మరి మోయాల్సి వస్తే? మియాటా డిక్కీ 130 లీటర్లు, సివిక్‌ది 419. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగితే 23 కిలోల పెట్టెలు నాలుగు వస్తాయి. మియాటాలో ఒక్క పెద్ద పెట్టె కూడా సరిగ్గా పట్టదు. పెట్టెల సంగతి అటుంచి, ఇద్దరిలో ఒకరు విమానాశ్రయంలోనే ఉండిపోవాలి. సీటు నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దిగడం కష్టం. పసిపిల్లల కోసం వెనక్కి తిరిగిన సీటుని ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో పెట్టకూడదు, ఈ కారులో వెనక సీటే లేదు. పిల్లలుంటే ప్రశ్న ఇక్కడే అయిపోయింది.

శబ్దం విషయంలోనూ ద్రవ్యరాశి పెత్తనమే. అడ్డుగోడ బరువు చదరపు మీటరుకి రెట్టింపైతే దాన్ని దాటే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకి 6 కిలోలు, దాని కింద లైనింగ్ అదనం. గుడ్డ కప్పు అంత తూగదు. హైవే మీద గంట ప్రయాణమైతే ఫోను మాటలు వినపడవు. మియాటా ఆరో గేరు సూటిగా 1:1, కాబట్టి గంటకి 113 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ నిమిషానికి 2,800 చుట్లు తిరుగుతూనే ఉంటుంది.

ఇందులోంచే ఒక వింత పుడుతుంది. తేలిక కారు ఎక్కువ పెట్రోలు తాగుతుంది. అమెరికా ప్రభుత్వ లెక్కలో మాన్యువల్ మియాటా సగటు గ్యాలనుకి 29 మైళ్ళు, సివిక్‌ది 35. స్థిర వేగంలో పోరాటం గాలితో, బరువుతో కాదు. పైగా మియాటాకి ప్రీమియం పెట్రోలు వాడమంటారు.

భద్రత మీద భయాన్ని కొంచెం పెంచి చెబుతారు. 2,400 కిలోల పికప్ ట్రక్కు ఎదురుగా వచ్చి, రెండింటి వేగాలూ కలిపి గంటకి 100 కిలోమీటర్ల దగ్గర గుద్దుకుంటే, మియాటా వేగం ఒక్కసారిగా 69 కిలోమీటర్లు మారుతుంది. సివిక్ వేగం 65. లోపల కూర్చున్న మనిషికి శక్తిలో తేడా 14 శాతం. లేదనను గానీ, రెండూ చిన్న బళ్ళే. నా దృష్టిలో అంతకన్నా పెద్ద ప్రమాదం ట్రక్కు డ్రైవర్‌కి మీరు అద్దంలో కనపడకపోవడం.

ఇంకా తేలిక కావాలని 2004 నుంచి 2011 దాకా అమెరికాలో అమ్మిన లోటస్ ఎలీస్ వైపు చూస్తారు కొందరు. టొయోటా 1.8 ఇంజన్, 900 కిలోలు, అల్యూమినియం దూలాల్ని జిగురుతో అతికించిన ఛాసిస్. అద్భుతమైన బండి. కానీ ముందు బాడీ అంతా ఒకే ఫైబర్ ముక్క. పార్కింగ్‌లో ఎవరైనా చిన్నగా తగిలించినా మొత్తం దించాలి. రేడియేటర్ మార్చాలన్నా అంతే. రోజువారీకి నేను చెప్పను.

ఒకే కారు, హైవే మీద రోజూ గంటకి మించిన ప్రయాణం, లేదా ఏడాదికి మూడు నాలుగు సార్లకి మించి ముగ్గురు ఎక్కే అవసరం ఉంటే సివిక్ తీసుకోండి. ఒంటరిగా ఉంటూ, వంకర రోడ్లు దగ్గర్లో ఉండి, విమానాశ్రయానికి అద్దె కారు తీసుకోవడానికి అభ్యంతరం లేకపోతే మియాటా రోజూ నడపదగిన కారే. మంచు పడే ఊళ్ళో నాలుగు వింటర్ టైర్లకి డబ్బు కలుపుకోండి. దాంతో వచ్చే సమ్మర్ టైర్లు 7 డిగ్రీల సెల్సియస్ కింద గట్టిపడి జారతాయి. ఎన్‌డీలో స్టెప్నీ ఉండదు, రంధ్రం మూసే ద్రవం డబ్బా ఇస్తారు. టైరు పక్కగోడ చిరిగితే అది పనికిరాదు, టోయింగ్ సభ్యత్వం ఉంచుకోండి.

పాతది కొంటుంటే 2016-18 ఎన్‌డీ గేర్‌బాక్స్ చరిత్ర అడగండి. లోపలి పళ్ళు విరిగిన కేసులున్నాయి, కంపెనీ భాగాల్ని మార్చుకుంటూ వచ్చింది. మొదటి రెండు తరాల్లో టైమింగ్ బెల్టు 60,000 మైళ్ళకి మార్చాలి, బిల్లు చూపించమనండి. 1.6 ఇంజన్ తొలి కార్లలో క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) ముక్కు పొట్టిది, దాని మీద పుల్లీని పట్టి ఉంచే కీ వదులై పుల్లీ ఊగుతుంది. పుల్లీ మీద నాలుగు గాడులుంటే పొట్టిది, ఎనిమిదుంటే మార్చిన రకం. ఈ కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దాని వాయువు బయటికి పోయే గొట్టం తగిలించి ఉందో లేదో చూడండి. మామూలు యాసిడ్ బ్యాటరీ పెట్టి గొట్టం వదిలేస్తే చుట్టూ రేకు తినేస్తుంది.

తుప్పు మాత్రం పైకి కనపడదు. గుడ్డ కప్పు మీది వాన నీళ్ళు సీట్ల వెనక, బెల్టు స్తంభాల దగ్గరున్న కాలవల్లోంచి దిగి వెనక చక్రాల ముందు బయటికి పోవాలి. ఆకులు అడ్డుపడితే నీళ్ళు కింది దూలంలోకి పోయి లోపల్నుంచి తినేస్తాయి. అమ్మేవాడి ఎదురుగానే ఒక్కో కాలవలో మెల్లగా గ్లాసుడు నీళ్ళు పోయండి. వెనక చక్రం ముందు నేల మీద ఆ నీళ్ళు వెంటనే కనపడకపోతే అప్పటికి బేరం ఆపి, మెకానిక్ చేత దూలం కింద చూపించాకే ధర మాట్లాడండి.