కనిపించని కుడి కన్ను

ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఎర్ర టోపీ, ఎర్ర అంగీ వేసుకున్న ఒకాయన బొమ్మ ఉంది. పూర్తిగా పక్కకు తిరిగి ఉంటాడు. కళ్ల మధ్య, ముక్కు మొదట్లో, ఎవరో కొరికినట్టు పెద్ద నొక్కు. ఆయన ఇటలీలోని ఉర్బినో పాలకుడు ఫెదెరికో దా మోంటెఫెల్ట్రో. 1473-75 ప్రాంతంలో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన బొమ్మ ఇది.

ఫెదెరికో డబ్బు తీసుకుని ఇతర రాజ్యాల తరఫున యుద్ధాలు చేసేవాడు. గుర్రాల మీద ఈటెలతో ఆడే పోటీలో కుడి కన్ను పోయింది. అందుకే మనకు ఎడమ చెంపే కనిపిస్తుంది. పాత రోమన్ నాణేల మీద చక్రవర్తులు కూడా ఇలాగే పక్కకు చూస్తుంటారు కాబట్టి లోపం దాచినట్టూ అయింది, హోదా చాటినట్టూ అయింది. కానీ చెంప మీది పులిపిర్లను మాత్రం అలాగే వదిలేశారు! నాకు ఈ బొమ్మలో బాగా నచ్చేది అదే. చిన్న లోపాలు ఒప్పుకుంటే, మిగతాదంతా నిజమేనని చూసేవాళ్లు నమ్మేస్తారు. ఆయన వెనక దూరంగా కొండలు, పడవలు తేలే నీళ్లు. ఏలికకు ఏలుబడి ఉండాలి కదా.

పక్కకు తిరిగిన ముఖం హోదా చెబుతుంది గానీ మనసు చెప్పదు. అందుకు ముఖం కాస్త మనవైపు తిరగాలి, రంగులూ సహకరించాలి. గుడ్డు సొనలో కలిపిన రంగు నిమిషాల్లో ఆరిపోతుంది, ఒక ఛాయను ఇంకో ఛాయలోకి కరిగించడం కష్టం. నూనె రంగు ఆరడానికి రోజులు పడుతుంది. పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తూ పోవచ్చు. మోనాలిసాలో లియొనార్డో చేసింది ఇదే. ఎదుటివాళ్ల మనసులో ఏముందో మనం ఎక్కువగా పెదవుల చివర, కళ్ల చివర వెతుక్కుంటాం. సరిగ్గా అక్కడే గీత లేకుండా నీడలో కలిపేశాడు. ఇక ఊహించుకోవడం మన వంతు.

లండన్ నేషనల్ గ్యాలరీలో జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ 1533లో వేసిన ‘రాయబారులు’ చూస్తే హోదా ప్రదర్శన ఎంతదాకా వెళ్లిందో తెలుస్తుంది. ఇద్దరు ఫ్రెంచివాళ్లు, ఖరీదైన బొచ్చు కోట్లు, తివాచీ పరిచిన బల్ల, గోళాలు, నక్షత్రాలు చూసే పరికరాలు. ఒకాయన బాకు ఒర మీద ఆయన వయసు 29 అనీ, రెండో ఆయన మోచేతి కింద పుస్తకం మీద 25 అనీ రాసి ఉంటుంది. వీణలాంటి వాయిద్యానికి ఒక తీగ తెగి ఉంటుంది. కాళ్ల దగ్గర అడ్డంగా సాగదీసిన మరకలాంటిదాన్ని బొమ్మకు ఓ పక్కన నిలబడి ఏటవాలుగా చూస్తే పుర్రె అవుతుంది.

ఆ బాకు పట్టుకున్న జాన్ ద డింట్‌విల్ నిజానికి ఆ ఏడాది లండన్‌లో ఒంట్లో బాగోక, ఆ రాయబారి ఉద్యోగం మీద విసుగెత్తి, సోదరుడికి దిగులు ఉత్తరాలు రాస్తున్నాడు. బొమ్మలో మాత్రం నిటారుగా నిలబడ్డాడు. ఆయన టోపీకి పెట్టుకున్న బిళ్ల మీద కూడా ఒక చిన్న పుర్రె ఉంది.