మిరుగు నాటి మట్టివాసన

మిరుగు అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. దానికి ముందు, రోహిణి ఎండలకు చల్కా (ఎర్రమట్టి) చేను గడ్డపార వేసినా దిగనంత గట్టిపడేది. నర్సంపేట దిక్కున మా అమ్మమ్మగారి ఊళ్లో, జూన్ మొదటి వారంలో, మధ్యాహ్నం దాటాక పాకాల అడవి మీది నుంచి మొగులు లేచేది. ఇంకా ఒక్క చుక్క పడేది కాదు. అమ్మమ్మ వాకిట్లోకి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, ఒకసారి గట్టిగా గాలి పీల్చేది. "వాన వస్తాంది బిడ్డా, పిడకలు లోపలెయ్" అనేది. నేను రెండో తట్ట ఎత్తేలోపే వాకిట్లో దుబ్బ మీద చుక్కలు మొదలయ్యేవి. చుక్క పడ్డ చోట శనగగింజంత గుంట, దాని చుట్టూ లేచిన సన్నని దుమ్ము. ఆ తర్వాత మట్టివాసన ఇల్లంతా నిండేది.

వాన రాకముందే ఆమెకు వాసన ఎట్లా తెలిసేదని నాకు చాలా ఏళ్లు ఆశ్చర్యంగా ఉండేది. అవతలి ఊళ్లో అప్పటికే పడుతున్న వాన వాసనను గాలి మోసుకురావడం ఒక కారణం. ఇంకో కారణం మన కాళ్ల కింది మట్టిలోనే ఉంది. 1964లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 'నేచర్' పత్రికలో దాని గురించి రాశారు. ఎండలో బాగా ఎండిన రాళ్లకు, మట్టికి ఆవిరి పట్టించి వాళ్లు పసుపు రంగు నూనె ఒకటి తీశారు. వాన వాసన ఆ నూనెలో ఉంది. దానికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి, ఇకోర్ అంటే దేవతల ఒంట్లో రక్తానికి బదులు పారే ద్రవం.

ఎండకాలమంతా చెట్లు, గడ్డి గాలిలోకి వదిలే నూనెలు మట్టిలో, రాళ్లలో ఉండే సన్నని రంధ్రాల్లో పోగవుతాయి. వానకు ముందు గాలిలో తేమ పెరుగుతుంది. ఆ తేమ రంధ్రాల్లో చేరి నూనెను బయటికి నెడుతుంది. ఎండ ఎన్ని రోజులు కాస్తే వాసన అంత చిక్కన. శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టినప్పుడు ఎంత వెతికినా ఈ వాసన దొరకదు.

ఆ వ్యాసంలోనే వాళ్లు మన దేశపు పనివాళ్లను తలచుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో తరతరాలుగా మట్టి అత్తరు తీస్తారు. కాల్చిన మట్టి బిళ్లలను డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీళ్లతో మరిగిస్తే, ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి గంధపు నూనెలో చేరుతుంది. శాస్త్రవేత్తలు పేరు పెట్టకముందే ఆ వాసనను సీసాలో పట్టినవాళ్లు వాళ్లు. నాకు వాళ్ల మీద చాలా గౌరవం.

అయితే వాన వాసన అంతా నూనెలదే కాదు. పిడుగులు పడేటప్పుడు పుట్టే ఓజోన్ ఘాటు కూడా అందులో కొంత ఉంటుంది. అన్నిటికంటే ముక్కుకు బాగా పట్టేది మాత్రం జియోస్మిన్ అనే రసాయనం. 1965లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లెషెవాలియే దాన్ని విడదీసి పేరు పెట్టారు. గ్రీకులో ఆ పేరుకు అర్థం అచ్చంగా మట్టివాసనే. దాన్ని తయారుచేసేది మట్టిలో బూజులా దారాలు దారాలుగా పెరిగే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా. క్షయను తగ్గించిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కూడా ఈ జాతి నుంచే, ఇదే రట్గర్స్‌లోనే, 1943లో దొరికింది. పిడికెడు మట్టిలో ఎంత ఉందో చూడండి.

మన ముక్కు జియోస్మిన్‌ను గాలిలో లక్ష కోట్ల వంతుల్లో ఐదు వంతులున్నా పసిగడుతుంది. బ్యాక్టీరియా ఆ వాసనను మన కోసం వదలడం లేదు. 2020లో తేలిన సంగతి ఏమిటంటే, మట్టిలో తిరిగే స్ప్రింగ్‌టెయిల్ అనే అతి చిన్న పురుగులు ఆ వాసనకు వస్తాయి. బ్యాక్టీరియాను తింటాయి. వాటి ఒంటికి అంటుకుని, పెంటలో కలిసి, బ్యాక్టీరియా విత్తనాల్లాంటి బీజాలు కొత్త చోట్లకు పోతాయి. వాన వాసన అని మనం మురిసిపోయేది అసలుకు ఆ పురుగులకు పిలుపు. పండ్ల మీద ముసిరే సన్న ఈగలు మాత్రం అదే వాసన తగిలితే దూరంగా పోతాయి. వాటికి జియోస్మిన్ అంటే చెడిపోయిన తిండి గుర్తు.

ఇక చుక్క సంగతి. 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో కల్లెన్ బుయీ, యంగ్‌సూ జుంగ్ అతివేగపు కెమెరాలతో 28 రకాల ఉపరితలాల మీద చుక్కలు పడటాన్ని చిత్రించారు. వాటిలో 16 మట్టి నమూనాలు. చుక్క నేలకు తగలగానే దాని అడుగున గాలి బుడగలు ఇరుక్కుంటాయి. అవి చుక్కలోంచి పైకి వచ్చి, సోడా పొంగినట్టు పగిలి, కంటికి కనపడని తుంపరలను గాలిలోకి చిమ్ముతాయి. ఆ తుంపరల వెంట మట్టిలోని వాసనలూ లేస్తాయి. జోరువానకంటే సన్నని, ఓ మోస్తరు వానలోనే ఇది ఎక్కువ. మొదటి చుక్కల్లో ఉన్న వాసన కుండపోతలో ఎందుకు ఉండదో నాకు ఇక్కడ అర్థమైంది.

మిరుగు నాడు మా ఇంట్లో చాపల పులుసు తప్పనిసరి. ఎండకాలం చివర నీళ్లు తగ్గిన చెరువులోంచి వలలో పడిన బొచ్చెలు, రవ్వలు వచ్చేవి. అమ్మమ్మ వాటిని బండ మీద దొడ్డుప్పుతో రుద్ది రుద్ది కడిగేది. "మట్టివాసన పోవాలె" అనేది. చెరువు నీళ్లలోని కొన్ని రకాల నాచు కూడా జియోస్మిన్ తయారుచేస్తుంది, చాప ఒంట్లో అది చేరుతుంది. ఉప్పుతో పోనిది చింతపండుతో పోతుంది. ఆమ్లం తగిలితే జియోస్మిన్ వాసన లేని పదార్థంగా మారిపోతుంది. పులుసు దండిగా పోయడంలో ఇంత రసాయనశాస్త్రం ఉంది. వాకిట్లో నిలబడి ఏ వాసనను గుండెనిండా పీల్చామో, పొయ్యి దగ్గర అదే వాసనను పోగొట్టడానికి అంత కష్టపడ్డాం. మట్టిలో ఉంటే ప్రాణం, కూరలో ఉంటే వద్దు.

అంటే వాసన మంచిదా చెడ్డదా అన్నది రసాయనం ఒక్కటే తేల్చదు. అది తగిలిన చోటు, దానితో ముడిపడ్డ రోజు కూడా తేలుస్తాయి. మన భాషకు ఇది తెలుసేమో. వాసన అనే మాటకు పూర్వానుభవం మనసులో మిగిల్చిన జాడ అనే అర్థం కూడా ఉంది. పూర్వజన్మ వాసనలు అంటామే, ఆ వాసన.

మెదడులోనూ ఆ ముడి కనపడుతుంది. ముక్కు పైభాగంలో దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. వాటి జన్యువులను 1991లో కనిపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. చూపు, వినికిడి, స్పర్శ సంకేతాలు ముందు థాలమస్ అనే కూడలికి పోయి, అక్కడినుంచి మిగతా మెదడుకు అందుతాయి. వాసన ఆ కూడలిలో ఆగదు. భావోద్వేగాలు చూసే అమిగ్డాలాకు, జ్ఞాపకాలు అల్లే హిప్పోక్యాంపస్‌కు దగ్గరి దారిలో చేరుతుంది. అందుకే పేరు గుర్తురాకముందే కళ్లు చెమరుస్తాయి. వయసు మళ్లినవాళ్లతో స్వీడన్‌లో జరిపిన పరిశోధనలో, మాటలు, బొమ్మలు గుర్తుచేసిన సంగతులు ఎక్కువగా పది నుంచి ఇరవై ఏళ్ల మధ్యవి. వాసనలు గుర్తుచేసినవి పదేళ్లలోపువి. నాకు వేడినూనెలో వాము, నువ్వులు వేగిన వాసన వస్తే సంక్రాంతి సకినాలు కాదు, వాటిని చుడుతున్న అమ్మమ్మ వేళ్లు కనపడతాయి. కొత్త బెల్లం వాసన వస్తే మేడారం జాతర తొవ్వ, అమ్మవార్లకిచ్చే బెల్లాన్ని బంగారమని నెత్తిన మోసుకుపోతున్న జనం.

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య నడిస్తే వచ్చే దగ్గు మాత్రం నిజానికి వాసన కాదు. అది మంటను, నొప్పిని మోసే వేరే నరాల పని.

మొన్న ఊరి నుంచి రెండు మట్టిపెళ్లలు తెచ్చాను. ఒకటి ఎర్రచల్కా, ఒకటి నల్లరేగడి. హనుమకొండలో మా ఫ్లాట్ బాల్కనీలో రెండు సాసర్లలో నలగ్గొట్టి, నాలుగు రోజులు ఎండబెట్టి, నా ఏడేళ్ల కొడుకును పిలిచి వేళ్లతో నీళ్లు చిలకరించాను. ఎర్రమట్టి నుంచి వెంటనే వచ్చింది. నల్లమట్టి కాసేపు నీళ్లు తాగి ఆ తర్వాత ఇచ్చింది. వాడు రెండు సాసర్ల మీదా వంగి, కళ్లు మూసుకుని పీల్చాడు.

"ఏం గుర్తొస్తాంది రా?" అన్నాను.

"బీట్‌రూట్, నానా. నా టిఫిన్ బాక్సుల పెడ్తవు గదా, ఆ బీట్‌రూట్."

బీట్‌రూట్‌లో ఉన్న మట్టివాసనా జియోస్మిన్‌దే. వాడు సరిగ్గానే చెప్పాడు. ఇంకో నాలుగు చుక్కలు వెయ్యమని సాసరు నా చేతికి ఇచ్చాడు.