ఎన్ఎఫ్ఎల్ ప్లేఆఫ్స్, సూపర్ బౌల్, కొత్త కోచ్‌లు: అపోహలు - వాస్తవాలు

డాలస్ శివార్లలోని ఒక హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు వీడియో విశ్లేషణ చేయడం నా ఉద్యోగం. శుక్రవారం రాత్రి మ్యాచ్ ముగిశాక ప్రతి ప్లేనూ విడదీసి చూడాలి. అది ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకు వెళ్లడానికి జట్టుకు ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, బంతి కదిలాక ఎవరు ఎటు వెళ్లారు, ఇవన్నీ రాసి కోచ్‌లకు అందించాలి. జనవరి వచ్చేసరికి మా బడి సీజన్ అయిపోయి ఎన్ఎఫ్ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) ప్లేఆఫ్స్, అంటే నాకౌట్ మ్యాచ్‌లు, మొదలవుతాయి. ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాల్లోని తెలుగువాళ్ల నుంచి నాకు ఎక్కువ ప్రశ్నలు వచ్చేది కూడా అప్పుడే. వాటిలో కొన్ని క్రికెట్ అలవాటు వల్ల పుట్టిన అపోహలు. మరికొన్ని టీవీ చర్చలు నూరిపోసినవి. మొదటి రకాన్ని సరిదిద్దడం తేలిక. రెండో రకం మనుషుల ఉద్యోగాలకూ పేరుకూ ఎసరు పెడుతుంది కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: లీగ్ దశలో అగ్రస్థానంలో ఉన్న జట్టుకు ఒక ఓటమిని తట్టుకునే వీలుంటుంది.

ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకు ఆ వీలుంది. మొదటి క్వాలిఫయర్‌లో ఓడినా మరో మ్యాచ్ దొరుకుతుంది. ఎన్ఎఫ్ఎల్‌లో అలాంటిదేమీ లేదు. మొత్తం 32 జట్లు, ఒక్కోదానికి 17 మ్యాచ్‌లు. ఏఎఫ్‌సీ, ఎన్ఎఫ్‌సీ అనే రెండు కాన్ఫరెన్సుల నుంచి ఏడేసి జట్లు ప్లేఆఫ్స్‌కు చేరతాయి. అక్కడి నుంచి ఒక్కసారి ఓడితే ఇంటికే. ఒకటో సీడ్‌కు, అంటే కాన్ఫరెన్సులో మొదటి ర్యాంకు జట్టుకు, దక్కేవి రెండే: మొదటి వారం విశ్రాంతి, ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా సొంత మైదానం. 2024 సీజన్‌లో డెట్రాయిట్ లయన్స్ 15 గెలిచి రెండే ఓడింది. 2025 జనవరి 18న తన సొంత ఫోర్డ్ ఫీల్డ్‌లో వాషింగ్టన్ కమాండర్స్ చేతిలో 45-31తో ఓడింది. అంత గొప్ప సీజన్ ఆ రాత్రితో సరి.

అపోహ: ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టే సొంత గడ్డపై ఆడుతుంది.

ఎనిమిది డివిజన్లు, ఒక్కో దానిలో నాలుగు జట్లు. డివిజన్ గెలిచినవాళ్లకే మొదటి నాలుగు సీడ్లు. మిగతా మూడు స్థానాలు వైల్డ్‌కార్డులు. అందుకే 2024లో 14-3 రికార్డున్న (14 గెలుపులు, 3 ఓటములు) మిన్నెసోటా వైకింగ్స్ ఐదో సీడ్‌కు పరిమితమైంది. అదే డివిజన్‌లో లయన్స్ అంతకన్నా ఒక మ్యాచ్ ఎక్కువ గెలిచింది మరి. ఆతిథ్యం 10-7తో డివిజన్ గెలిచిన లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు దక్కింది. కార్చిచ్చుల వల్ల ఆ మ్యాచ్‌ను అరిజోనాలోని గ్లెండేల్‌కు మార్చినా, రామ్స్ 27-9తో గెలిచింది. 2008లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ 11-5తో ఉండి కూడా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. 8-8తో శాన్ డియేగో చార్జర్స్ చేరింది. 2010 సీజన్‌లో 7-9తో డివిజన్ నెగ్గిన సియాటిల్ సీహాక్స్, ముందటేడు ఛాంపియన్ న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌ను తన ఊరికి రప్పించి 41-36తో ఓడించింది. మార్షాన్ లించ్ ఒకరి తర్వాత ఒకరిని విదిలించుకుంటూ 67 గజాలు పరుగెత్తింది ఆ మ్యాచ్‌లోనే.

ఇది అన్యాయమని చాలామంది అంటారు. నేను అనను. 32 జట్లు 17 మ్యాచ్‌ల్లో అందరితో అందరూ ఆడటం కుదరదు. ఒకే డివిజన్‌లోని జట్లకు మాత్రం 17లో 14 మ్యాచ్‌లు ఒకే పద్ధతిలో కుదురుతాయి, తేడా మిగతా మూడింటిలోనే. న్యాయంగా పోల్చదగిన చోటు డివిజన్ ఒక్కటే. దాన్ని గెలిచినవాడికి ఒక మ్యాచ్ సొంత గడ్డపై ఇవ్వడం సబబే.

అపోహ: ఎవరు ఎవరితో ఆడాలో పట్టిక ముందే గీసి ఉంటుంది.

లేదు. తొలి రౌండు ముగిశాక మళ్లీ లెక్క చూస్తారు. మిగిలిన వాటిలో అట్టడుగు సీడ్ వెళ్లి ఒకటో సీడ్‌తో తలపడాలి. కాబట్టి ఏడో సీడ్ సంచలనం సృష్టిస్తే అందరి దారులూ మారిపోతాయి.

అపోహ: సూపర్ బౌల్ ఫైనలిస్టులలో ఒకరి ఊళ్లో జరుగుతుంది.

వేదికను ఏళ్ల ముందే ఖరారు చేస్తారు. 1967 జనవరి 15న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన మొదటి దాని నుంచి 54 సూపర్ బౌల్స్ దాకా ఏ జట్టుకూ సొంత స్టేడియంలో ఆడే అవకాశం రాలేదు. 2021 ఫిబ్రవరిలో టాంపా బే బకనీర్స్‌కు, మరుసటి ఏడు రామ్స్‌కు ఆ యోగం పట్టింది. ఇద్దరూ గెలిచారు.

అపోహ: ఓవర్‌టైమ్‌లో టాస్ గెలిస్తే కళ్లు మూసుకుని బంతి తీసుకోవాలి.

ఒకప్పుడు ఇదే సరైన నిర్ణయం. 2022 జనవరి 23న కాన్సస్ సిటీ చీఫ్స్, బఫలో బిల్స్ మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. టాస్ గెలిచిన చీఫ్స్ మొదటి దాడిలోనే టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించి ఆరు పాయింట్లు) చేసి 42-36తో ముగించింది. బిల్స్ దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోష్ అలెన్ అంచున నిలబడి చూడటం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. ఆ ఏడాదే ప్లేఆఫ్స్‌కు నిబంధన మార్చారు. మొదటి జట్టు టచ్‌డౌన్ చేసినా రెండో జట్టుకు కనీసం ఒకసారి బంతి ఇవ్వాలి.

ఈ మార్పుతో లెక్క తలకిందులైంది. 2024 ఫిబ్రవరి 11న లాస్ వేగస్‌లో జరిగిన 58వ సూపర్ బౌల్ దానికి తిరుగులేని ఉదాహరణ. 19-19 దగ్గర ఓవర్‌టైమ్. శాన్ ఫ్రాన్సిస్కో 49ఈర్స్ టాస్ గెలిచి బంతి తీసుకుంది, ఫీల్డ్ గోల్‌తో (బంతిని స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు) 22-19కి చేరింది. చీఫ్స్ వంతు వచ్చింది. నాలుగో డౌన్, ఇంకా ఒక గజం కావాలి, ఉన్నది ఇంకా తమ సగంలోనే. మామూలు మ్యాచ్‌లో అక్కడ చాలామంది బంతిని దూరంగా తన్నేసి డిఫెన్స్‌కు అప్పగిస్తారు. ఇక్కడ తన్నేస్తే ఓడిపోయినట్టే. తమకు ఏం కావాలో చీఫ్స్‌కు కచ్చితంగా తెలుసు కాబట్టి సందేహానికి తావే లేదు. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ తానే పరుగెత్తి ఎనిమిది గజాలు తెచ్చాడు. 75 గజాల ఆ దాడి చివర మెకోల్ హార్డ్‌మన్ టచ్‌డౌన్, 25-22. రెండోసారి బంతి అందుకునే జట్టుకు దక్కే లాభం ఇదే: మూడు డౌన్లకు బదులు నాలుగూ వాడుకోవచ్చు.

49ఈర్స్ కోచ్ కైల్ షానహాన్ తర్కం కూడా ఉత్తదేమీ కాదు. ఇద్దరూ సమానంగా నిలిస్తే మూడోసారి బంతి తమకే వస్తుంది, అప్పుడు ఏ స్కోరైనా మ్యాచ్ ముగిస్తుంది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. నాకు మింగుడుపడనిది వేరే. కొత్త నిబంధన తమకు తెలియదని మ్యాచ్ తర్వాత కొందరు 49ఈర్స్ ఆటగాళ్లే చెప్పారు. చీఫ్స్ ఆటగాళ్లేమో శిక్షణ శిబిరం నుంచే దాని గురించి మాట్లాడుకుంటూ వచ్చామన్నారు. ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌కు వచ్చిన ఆటగాడికి నిబంధన తెలియకపోతే ఆ లోటు కోచింగ్ బృందానిదే. మా హైస్కూల్ పిల్లలకు కూడా నిబంధనలు బోర్డు మీద రాసి చెబుతాం.

అపోహ: సూపర్ బౌల్‌ను గెలిపించేది క్వార్టర్‌బ్యాక్, అతణ్ని ఆపాలంటే మనుషులను ఎక్కువగా పంపి బ్లిట్జ్ చేయాలి.

2025 ఫిబ్రవరి 9న న్యూ ఓర్లీన్స్‌లో చీఫ్స్, ఫిలడెల్ఫియా ఈగల్స్. మహోమ్స్ వరుసగా మూడోది గెలుస్తాడా అన్నదే ప్రపంచమంతా మాట్లాడుకున్న విషయం. విరామానికి 24-0, చివరికి 40-22, రెండూ ఈగల్స్‌వే. ఈగల్స్ డిఫెన్సివ్ కోఆర్డినేటర్ (డిఫెన్స్ వ్యూహం చూసుకునే సహాయ కోచ్) విక్ ఫాంజియో ఆ రాత్రి ఒక్క బ్లిట్జ్ కూడా పంపలేదు. నలుగురు లైన్‌మెన్ ముందుకు దూసుకెళితే ఏడుగురు వెనక్కి తగ్గి పాస్‌లకు అడ్డంగా నిలిచారు. అయినా మహోమ్స్ ఆరుసార్లు బంతితో సహా పడిపోయాడు.

ఆ మ్యాచ్ వీడియో చూసేవాళ్లకు నేను చెప్పేది: బంతిని వదిలేసి చీఫ్స్ లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుస) ఎడమ అంచును చూడండి. అక్కడ నిలబడ్డ జో థూనీ అసలు గార్డ్. టాకిల్ స్థానానికి సరైన మనిషి కుదరక సీజన్ చివర్లో అతణ్ని పక్కకు జరిపారు. గార్డ్‌కు రెండు వైపులా తన వాళ్లుంటారు. టాకిల్‌కు బయటివైపు ఖాళీయే. వేగంగా చుట్టి వచ్చే జాష్ స్వెట్ లాంటివాడికి కావాల్సింది ఆ ఖాళీయే. నలుగురే లోపలికి రాగలిగితే ఇక బ్లిట్జ్ ఎందుకు? సీజన్‌లో 2,005 గజాలు పరుగెత్తిన ఈగల్స్ తార సాక్వాన్ బార్క్‌లీని చీఫ్స్ ఆ రాత్రి 57 గజాలకే కట్టడి చేసింది. అయినా మ్యాచ్ మీద దాని ప్రభావం అంతంతే. ఫలితాన్ని తేల్చింది రెండు లైన్లు.

అపోహ: కోఆర్డినేటర్లు కొత్త ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మునిగిపోవడం వల్లే లయన్స్ ఓడింది.

నాకు కోపం తెప్పించే మాట ఇది. విశ్రాంతి వారంలో లయన్స్ కోఆర్డినేటర్లు బెన్ జాన్సన్, ఆరన్ గ్లెన్ వేరే జట్లతో వీడియో ద్వారా మాట్లాడిన మాట నిజం. నిబంధనలు దాన్ని అనుమతిస్తాయి. ఓడిన రెండు రోజులకే జాన్సన్ షికాగో బేర్స్ హెడ్ కోచ్‌గా ఖాయమయ్యాడు, ఆ వెంటనే గ్లెన్ న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లాడు. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి టీవీలో తీర్పు చెప్పేశారు. వీడియో చెప్పేది వేరు. లయన్స్ ఆ మ్యాచ్‌లో ఐదుసార్లు బంతి పోగొట్టుకుంది. డిఫెన్స్‌కు వెన్నెముకలాంటి ఏడన్ హచిన్సన్ అక్టోబరులోనే, మా దగ్గర ఆర్లింగ్టన్‌లో డాలస్ కౌబాయ్స్‌తో ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. అతనితోపాటు గాయపడిన డిఫెన్స్ ఆటగాళ్ల జాబితా చాంతాడంత. అంతమంది లేకుండా 15 మ్యాచ్‌లు గెలిపించిన కోచ్‌లను ఒక్క ఓటమితో దోషులను చేయడం తగదు.

అపోహ: ప్రకటన వచ్చిందంటే కోచ్ నియామకం పూర్తయినట్టే.

ఇంకా ఆడుతున్న జట్టు కోచ్‌తో ఒప్పందం కుదుర్చుకోవడానికి ఆ జట్టు సీజన్ ముగియాలి. ఈగల్స్ ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ కెలెన్ మూర్‌ను న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ తీసుకున్నది సూపర్ బౌల్ ముగిసిన తర్వాతే. ఈ నిరీక్షణలో ప్రమాదమూ ఉంది. 2018 ఫిబ్రవరిలో ఇండియానాపోలిస్ కోల్ట్స్, పేట్రియాట్స్ కోఆర్డినేటర్ జాష్ మెక్‌డేనియల్స్ తమ కొత్త కోచ్ అని ప్రకటించాక అతను మనసు మార్చుకున్నాడు. అతణ్ని నమ్మి అప్పటికే సంతకాలు చేసిన ముగ్గురు సహాయ కోచ్‌లను కోల్ట్స్ వదిలేయలేదు, ఉద్యోగాల్లో ఉంచుకుంది. ఆ సంస్థ మీద నాకు గౌరవం పెరిగింది అందుకే.

రూనీ నిబంధన గురించీ ఒక్క మాట. అది కోటా కాదు. 2003 నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన మైనారిటీ అభ్యర్థులను ఇంటర్వ్యూ చేయాలంటుంది, ఎవరిని తీసుకోవాలో చెప్పదు.

అపోహ: గెలిచే జట్టు కోఆర్డినేటర్‌ను తెచ్చుకుంటే గెలుపు కూడా వెంట వస్తుంది.

కోఆర్డినేటర్ పని ప్లే పిలవడం. 40 సెకన్ల గడియారంలో 15 మిగిలేసరికి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియో ఆగిపోతుంది, ఆలోపే చెప్పాల్సింది చెప్పేయాలి. హెడ్ కోచ్ పని నాలుగో డౌన్ నిర్ణయాలు, టైమవుట్లు, సహాయకుల ఎంపిక, 53 మంది ఆటగాళ్ల మనసు కనిపెట్టుకుని ఉండటం. ఒకటి బాగా చేసినవాడు రెండోదీ బాగా చేస్తాడన్న హామీ లేదు. ఒకే లయన్స్ బృందం నుంచి వెళ్లిన ఇద్దరినే చూడండి. 2025లో జాన్సన్ బేర్స్‌ను 11-6తో డివిజన్ విజేతగా నిలిపాడు, గ్లెన్ జెట్స్ 3-14తో మిగిలింది. అదే ఏడాది మైక్ వ్రాబెల్ పేట్రియాట్స్‌ను 4-13 నుంచి 14-3కి, సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. లియామ్ కోయెన్ జాక్సన్‌విల్ జాగ్వార్స్‌ను 4-13 నుంచి 13-4కి చేర్చాడు. సియాటిల్‌కు సూపర్ బౌల్ అందించిన పీట్ కారల్ మాత్రం లాస్ వేగస్ రైడర్స్‌తో 3-14, ఏడాదికే ఇంటికి.

ఈ జాబితాలో కోచ్ ఎక్కడి నుంచి వచ్చాడన్నదాని కన్నా, వెళ్లిన చోట ఎవరున్నారన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. షికాగోలో కేలబ్ విలియమ్స్, న్యూ ఇంగ్లండ్‌లో డ్రేక్ మే, జాక్సన్‌విల్‌లో ట్రెవర్ లారెన్స్. డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి మూడు స్థానాల్లో ఎంపికైన యువ క్వార్టర్‌బ్యాక్‌లు అక్కడ ముందే ఉన్నారు. జెట్స్, రైడర్స్ ఆ స్థానానికి ఆ ఏడాదే బయటి నుంచి మనిషిని తెచ్చుకోవాల్సి వచ్చింది. కౌబాయ్స్ తమ కోఆర్డినేటర్ బ్రయన్ షాటెన్‌హైమర్‌కే పగ్గాలు అప్పగించినప్పుడు మా ఫ్రిస్కోలో పెద్ద పేరు తేలేదని గొడవ జరిగింది. సీజన్ మొదలయ్యే ముందు డిఫెన్స్ తార మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఇచ్చేశాక, 7-9-1 (చివరిది డ్రా) రికార్డులో కోచ్ వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

అపోహ: కోచ్‌ల మార్పు ఓడిన జట్ల తలనొప్పి మాత్రమే.

ఎక్కువగా నష్టపోయేది గెలిచిన జట్లే. 2023 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆడిన ఈగల్స్ తన కోఆర్డినేటర్లు ఇద్దరినీ ఒకేసారి కోల్పోయింది. తర్వాతి సీజన్‌లో 10-1తో మొదలై 11-6తో ముగిసి తొలి ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే చిత్తయింది. 2025 విజయం తర్వాత మూర్ వెళ్లిపోయాడు. లోపలి మనిషి కెవిన్ పతులోకు ప్లేలు అప్పగించారు. మళ్లీ 11-6, మళ్లీ తొలి మ్యాచ్‌లోనే ఓటమి, ఆ వెంటనే పతులోను ఆ బాధ్యత నుంచి తప్పించారు. 2026 ఫిబ్రవరిలో పేట్రియాట్స్‌ను 29-13తో ఓడించి సియాటిల్ సీహాక్స్ ట్రోఫీ ఎత్తింది. ఆ జట్టు ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ క్లింట్ కుబియాక్‌ను రైడర్స్ హెడ్ కోచ్‌గా తీసుకెళ్లింది. సియాటిల్ తర్వాతి సీజన్ గురించి అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: మొదటి నాలుగైదు మ్యాచ్‌లలో కొత్త కోఆర్డినేటర్ మూడో డౌన్‌లో ఏం పిలుస్తాడో చూశాక మాట్లాడుకుందాం.