ఫ్రాన్సెస్ మారియన్: కంటిన్యుటీ రాసిన చెయ్యి

సినిమా రచనకు ఆస్కార్ అందుకున్న తొలి మహిళ ఫ్రాన్సెస్ మారియన్. 1930లో ‘ద బిగ్ హౌస్’కు, ఆ తర్వాత ‘ద చాంప్’ కథకు వచ్చాయి. రెండూ టాకీలే. అయినా ఆమె పనితనం తయారైంది మూకీల్లో.

సెకనుకు 16 ఫ్రేముల వేగంతో నడిపితే 1,000 అడుగుల రీలు 16 నిమిషాల పైచిలుకు ఆడుతుంది. 1910ల మధ్యలో పెద్ద సినిమా అంటే అయిదారు రీళ్లు. అందుకు రాసే ప్రతిని కంటిన్యుటీ అనేవారు. ప్రతి సీనుకూ ఒక నంబరు, సెట్టా అవుట్‌డోరా, నటుల కదలిక, క్లోజప్ ఎక్కడ, టైటిల్ కార్డులో (తెర మీద మాటలు చూపే అట్టలో) ఏ మాట... అన్నీ అందులోనే. నంబర్లు ఉండబట్టే ఒక సెట్టులోని సీన్లన్నీ ఒకేసారి తీసేసి, తర్వాత వరసలో అతికేవారు. ఖర్చు అంచనాకూ అదే ఆధారం. ‘ఆమె పాత రోజులు తలుచుకుంది’ అని రాస్తే కెమెరాకు తీయడానికేమీ ఉండదు. చేతిలో ఏ వస్తువుంది, దాన్నేం చేసింది అన్నది రాయాలి. టైటిల్ కార్డులో మాట పొడవైతే, నిదానంగా చదివేవాళ్ల కోసం కార్డును ఎక్కువసేపు నిలపాలి. ఆ అడుగులన్నీ నటనకు కోతే.

1888లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన మారియన్ సినిమా పని మొదలుపెట్టింది దర్శకురాలు లోయిస్ వెబర్ దగ్గర. తర్వాత వరల్డ్ ఫిల్మ్ కంపెనీలో, పనికిరాదని మూలపడేసిన ఒక సినిమాకు కొత్త ఆరంభం, కొత్త ముగింపు రాసి అమ్ముడుపోయేలా చేశారు. 1917లో ‘ద పూర్ లిటిల్ రిచ్ గర్ల్’ కోసం అందులో నటించిన తార మేరీ పిక్‌ఫోర్డ్‌తో కలిసి బురద కొట్లాట లాంటి అల్లరి సీన్లు చేర్చారు. దర్శకుడు మారిస్ టూర్నర్‌కు అవి నచ్చలేదు, కంపెనీ పెద్దలూ పెదవి విరిచారు. జనం మాత్రం ఎగబడి చూశారు. రచయిత్రి, తార ఒక్కమాట మీద నిలబడితే సినిమా ఎటు తిరగాలో వాళ్లే తేల్చగలిగిన కాలమది.

ఆ వీలు స్టూడియోలు బలిసేకొద్దీ పోయింది. ఒకే కథను నలుగురి చేత రాయించి, తెర మీద ఎవరి పేరు వెయ్యాలో నిర్మాతే తేల్చేవాడు. మాటలొచ్చాక న్యూయార్క్ నాటక రచయితలను, పత్రికలవాళ్లను రప్పించారు. వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. మారియన్ నిలదొక్కుకున్నారు. ‘ద బిగ్ హౌస్’ కోసం శాన్ క్వెంటిన్ జైలుకు స్వయంగా వెళ్లి చూశారు. నటి గ్రెటా గార్బో తొలి టాకీ ‘అన్నా క్రిస్టీ’ కూడా ఆమె రాసిందే.

1933లో రచయితలు స్క్రీన్ రైటర్స్ గిల్డ్ అనే తమ సంఘాన్ని కొత్తగా కట్టినప్పుడు మారియన్ ఉపాధ్యక్షురాలయ్యారు. ఎవరి పేరు వెయ్యాలన్న నిర్ణయం గిల్డ్ చేతికి రావడానికి 1940ల దాకా పట్టింది. అప్పటికి తెర మీద ఆమె పేరు అరుదైపోయింది.