కాటన్ దొర ఇంటిపేరు: ఒక క్యాటలాగర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

లైబ్రరీలో నా పని పుస్తకాలు ఇవ్వడం కాదు, పుస్తకాలకు మనుషుల్ని జతచేయడం. కొత్త పుస్తకం బల్ల మీదికి వస్తుంది. అట్ట మీద ఒక పేరు ఉంటుంది. ఆ పేరుతో మా దగ్గర ఇప్పటికే ఒక రికార్డు ఉంటుంది. ఇద్దరూ ఒకరేనా, వేర్వేరు మనుషులా? దీన్ని తేల్చడాన్ని మేం అథారిటీ పని అంటాం. పైకి చిన్న పనే. తప్పు జరిగితే మాత్రం ఒకరి జీవితం తీసుకెళ్లి ఇంకొకరి ఖాతాలో వేసినట్టే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అలాంటి తప్పే చేశాను. 1885లో వచ్చిన ‘న్యూ ఇండియా’ అనే పుస్తకం మీద కాటన్ అని కనిపించింది. ఇండియాలో పనిచేసిన ఇంగ్లిష్ అధికారి, పైగా సర్ బిరుదు. గోదావరి నీళ్లు తాగి పెరిగినదాన్ని, కాటన్ అంటే నాకు ఒక్కరే తెలుసు. ఆ పుస్తకాన్ని ఆర్థర్ కాటన్ పేరు కింద చేర్చేశాను. చాలా రోజుల తర్వాత ఒక పరిశోధక విద్యార్థి వచ్చి, “మేడమ్, ఇది ఆనకట్ట కట్టిన ఆయన రాసింది కాదండీ” అన్నాడు. ఆ రోజు నుంచి ఈ ఇంటిపేరు మీద నాకు ప్రత్యేకమైన శ్రద్ధ. పాఠకుల నోట నేను ఎక్కువగా విన్న అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కాటన్ అంటే పత్తి. వాళ్ల పూర్వీకులు పత్తి వ్యాపారులు అయి ఉంటారు.

దాదాపు అందరూ ఇలాగే అనుకుంటారు. వాస్తవం వేరు. పత్తిని సూచించే కాటన్ అనే మాట అరబ్బీలోని ‘కుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంటిపేరులోని కాటన్ మాత్రం పాత ఇంగ్లిష్ మాట ‘కాట్’ నుంచి పుట్టింది. కాట్ అంటే గుడిసె, పాక. ‘పాకల దగ్గర’ అనే అర్థంలో వాడిన రూపమే నలిగి నలిగి కాటన్ అయింది. ఇంగ్లండ్‌లో ఈ పేరుతో ఊళ్లు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. సఫోక్‌లో ఒకటి ఉంది, స్టాఫర్డ్‌షైర్‌లో ఇంకొకటి ఉంది. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ల పేర్లే. పాకల అనే ఇంటిపేరు మనలోనూ ఉంది. కాటన్ దొర ఇంటిపేరును తెలుగులోకి తేవాలంటే ‘పాకల’ అనడమే అన్నిటికంటే దగ్గరగా ఉంటుందని నాకనిపిస్తుంది. ధవళేశ్వరం మీదుగా వెళ్లినప్పుడల్లా ఈ మాట గుర్తుకొస్తుంది.

ఈ అపోహను పెంచింది ఇంగ్లిష్‌వాళ్లే. ఆర్థర్ కాటన్ వంశంవాళ్లు, అంటే కాంబర్‌మియర్ కాటన్లు, తమ కుటుంబ చిహ్నం మీద మూడు నూలు చిలపలు వేయించుకున్నారు. పేరు వినగానే పత్తి గుర్తుకొస్తుంది కదా అని ఆ శబ్దసామ్యంతో వేసిన బొమ్మ అది. పేరు చూసి బొమ్మ గీశారు. తర్వాతివాళ్లు ఆ బొమ్మ చూసి పేరుకు అర్థం చెప్పుకున్నారు.

అపోహ: ఒకే ఇంటిపేరు ఉంటే ఒకే వంశం.

మన దగ్గర కూడా ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో, వేర్వేరు గోత్రాల్లో కనిపిస్తుంది. అది తెలిసి కూడా ఇంగ్లిష్ పేర్ల దగ్గరకు వచ్చేసరికి వాళ్లంతా అన్నదమ్ములనే అనుకుంటాం. స్మిత్ అంటే కమ్మరి. ఊరూరా కమ్మరి ఉన్నాడు కాబట్టి ఊరూరా స్మిత్ పుట్టాడు. కాటన్ అనే ఊళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి కాటన్ వంశాలు కూడా ఒకటి కావు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది సర్ హెన్రీ కాటన్ అనే పేరు. ఆ పేరుతో బాగా తెలిసినవాళ్లు ముగ్గురున్నారు.

ఒకరు 1821లో పుట్టి 1892లో చనిపోయిన న్యాయమూర్తి. ఇంగ్లండ్ అప్పీలు కోర్టులో లార్డ్ జస్టిస్‌గా పనిచేశారు. ఆ కాలపు న్యాయ నివేదికల్లో ‘కాటన్, ఎల్.జె.’ అని కనిపించేది ఈయనే.

రెండో ఆయన హెన్రీ జాన్ స్టెడ్‌మన్ కాటన్. నేను తప్పుగా చేర్చిన పుస్తకం ఈయనది. 1845లో కుంభకోణంలో పుట్టారు. తండ్రి మద్రాసు సివిల్ సర్వీసులో ఉండేవారు. ఈయన బెంగాల్‌లో పనిచేసి అస్సాం చీఫ్ కమిషనర్ అయ్యారు. భారతీయుల ఆశలను సానుభూతితో చూసిన అధికారి. అస్సాం టీ తోటల కూలీల వేతనాల గురించి మాట్లాడి తోటల యజమానుల కోపానికి గురయ్యారు. పదవీ విరమణ తర్వాత, 1904లో, బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు. 1906 నుంచి 1910 వరకు బ్రిటిష్ పార్లమెంటులో సభ్యుడు. ఈయన పూర్వీకుడు జోసెఫ్ కాటన్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు. ఆ జోసెఫ్ తండ్రి నథానియెల్ కాటన్ వైద్యుడు, కవి కూడా. మతి చలించిన కవి విలియం కూపర్‌కు చికిత్స చేసింది ఆయనే. కాంబర్‌మియర్ కాటన్ల వంశావళిలో ఈ పేర్లు ఉండవు.

మూడో హెన్రీ కాటన్ గోల్ఫ్ ఆటగాడు. 1934, 1937, 1948లో బ్రిటిష్ ఓపెన్ గెలిచారు. 1987 డిసెంబరులో కన్నుమూశారు. ఆయనకు సర్ బిరుదు ఇస్తున్నట్టు ప్రకటన ఆ తర్వాత, కొత్త సంవత్సరం రోజుల్లో వచ్చింది.

ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, బిరుదు కూడా ఒకటే. వీళ్లను విడదీయడానికి మా దగ్గర మిగిలేది పుట్టిన, పోయిన సంవత్సరాలు మాత్రమే. క్యాటలాగులో పేరు పక్కన ‘1845-1915’ లాంటి అంకెలు ఎందుకని చాలామంది అడుగుతారు. అవి అలంకారం కాదు. ఆ అంకెలు తీసేస్తే న్యాయమూర్తి గోల్ఫ్ ఆడతాడు, గోల్ఫర్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడవుతాడు.

అపోహ: దేశంలో ఎక్కడ కాటన్ పేరు కనిపించినా అది మన కాటన్ దొర పేరే.

ప్రేమతో వచ్చే పొరపాటు ఇది. గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలు చూసినవాళ్లకు అలా అనిపించడం సహజం. గోదావరిలో స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన్ని తలుచుకునేవాళ్లు కూడా ఉన్నారు. కానీ గువాహటిలో 1901లో మొదలైన కాటన్ కాలేజీ, ఇప్పటి కాటన్ యూనివర్సిటీ, పైన చెప్పిన రెండో హెన్రీ కాటన్ పేరు మీద వచ్చింది. ఆ కాలేజీ పెట్టినప్పుడు అస్సాం చీఫ్ కమిషనర్ ఆయనే.

బెంగళూరులోని బిషప్ కాటన్ స్కూలు గురించి కూడా అడుగుతారు. ఆ బిషప్ పేరు జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్. కలకత్తా బిషప్‌గా పనిచేశారు. సిమ్లా బిషప్ కాటన్ స్కూలు ఆయన చేతుల మీదుగానే మొదలైంది. 1866 అక్టోబరులో కుష్టియా దగ్గర గొరాయి నది ఒడ్డున పడవలోకి ఎక్కబోతూ కాలుజారి నీళ్లలో పడిపోయారు. శవం కూడా దొరకలేదు. ఒక కాటన్‌ను నది పేరుతో తలుచుకుంటాం, ఇంకో కాటన్‌ను నది తీసుకుపోయింది. ఇద్దరి రికార్డులూ పక్కపక్కనే ఉంటాయి.

మరి మన ఆర్థర్ కాటన్? 1803 మే 15న పుట్టారు. హెన్రీ కాల్వ్‌లీ కాటన్‌కు పదకొండు మంది కొడుకులు, వాళ్లలో ఈయన పదోవారు. 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 1899లో చనిపోయారు. ఇక్కడ మాత్రం ఇంటిపేరు నిజంగానే బంధుత్వాన్ని చూపిస్తుంది. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాపతి లార్డ్ కాంబర్‌మియర్, అంటే స్టేపుల్టన్ కాటన్, ఈయన పెదనాన్న కొడుకు. 1857లో పెషావర్‌లో సైన్యానికి నాయకత్వం వహించిన సిడ్నీ కాటన్ సొంత అన్న. ఫ్రెడరిక్ కాటన్ తమ్ముడు. ఆయన కూడా మద్రాసు ఇంజనీర్లలోనే పనిచేశారు. పాత ప్రభుత్వ నివేదికల్లో ఊరికే ‘కెప్టెన్ కాటన్’ అని ఉంటే అన్నో తమ్ముడో తేల్చుకోవడానికి తేదీ, జిల్లా, పని మూడూ చూడాలి. పేరు చూసి మాత్రం తేల్చకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరినైనా బతిమాలగలను.

అపోహ: ఇంటిపేరు వేరైతే ఆ కుటుంబం మనిషి కాదు.

ఆడవాళ్లు మాయమయ్యేది ఇక్కడే. ఆర్థర్ కాటన్ జీవిత చరిత్ర 1900లో వచ్చింది. కరువు నివారణ మీద విలియం డిగ్బీ అందులో ఒక అధ్యాయం రాశారు. పుస్తకం రాసినవారి పేరు లేడీ హోప్. ఎవరీ హోప్ అని చూస్తే, కాటన్ కూతురు ఎలిజబెత్. 1877లో అడ్మిరల్ జేమ్స్ హోప్‌ను పెళ్లి చేసుకోవడంతో ఇంటిపేరు మారింది.

ఆవిడ ఇంకో కారణంగా కూడా ప్రపంచానికి తెలుసు. డార్విన్ చివరి రోజుల్లో తాను ఆయన్ని చూశానని, మంచం మీద బైబిల్ చదువుతూ కనిపించారని 1915లో అమెరికా పత్రికలో ఆవిడ మాటగా ఒక కథ అచ్చయింది. డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో దాన్ని గట్టిగా ఖండించారు. నాన్న చివరి ఘడియల్లో నేను పక్కనే ఉన్నాను, లేడీ హోప్ అక్కడ లేరు అన్నది ఆమె సాక్ష్యం. ఆ కథ ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. అది పంపేవాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఆ లేడీ హోప్ మన కాటన్ దొర కూతురని చెబితే నమ్మరు. ఇంటిపేరు వేరు కదా అంటారు.

అపోహ: ప్రతి ఇంగ్లిష్ ఇంటిపేరుకూ ఒక కుటుంబ చిహ్నం ఉంటుంది.

గిఫ్ట్ షాపుల్లో కప్పుల మీద వేసి అమ్మే మాట ఇది. ఇంగ్లండ్‌లో చిహ్నం ఇచ్చేది ఒక వ్యక్తికి, అది ఆయన వారసులకు వెళ్తుంది. ఇంటిపేరుకు చిహ్నం ఉండదు. కాంబర్‌మియర్ కాటన్లవి నూలు చిలపలైతే, కానింగ్టన్ కాటన్లది రెక్కలు చాచిన గద్ద.

ఆ కానింగ్టన్ కాటన్లలోనే సర్ రాబర్ట్ కాటన్ ఉన్నారు, 1571-1631. లైబ్రరీలో పనిచేసే ఎవరికైనా ఆయనంటే గౌరవం. పాత రాతప్రతులను ఆయన సేకరించకపోతే ఇంగ్లిష్ సాహిత్యంలో సగం చరిత్ర మిగిలేది కాదు. ఆయన బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలబొమ్మలు ఉండేవి. విటెల్లియస్ అనే చక్రవర్తి బొమ్మ ఉన్న బీరువాలో, ‘ఎ’ అరలో, 15వ పుస్తకంలో ఉంది పాత ఇంగ్లిష్ కావ్యం బేవుల్ఫ్. 1731లో ఆ పుస్తకాలున్న ఇల్లు తగలబడింది. బేవుల్ఫ్ అంచులు కాలినా బతికింది. బీరువాలు ఏనాడో పోయాయి. బ్రిటిష్ లైబ్రరీలో ఈ రోజుకీ ఆ ప్రతిని అడగాలంటే ‘కాటన్ విటెల్లియస్ ఎ 15’ అని రాయాల్సిందే.

అపోహ: కాటన్ అని కనిపిస్తే అది ఇంటిపేరే, ఆ మనిషి ఇంగ్లండ్ దొరే.

రెండూ తప్పే. బోస్టన్ నగరానికి చెందిన మతబోధకుడు కాటన్ మాథర్ ఇంటిపేరు మాథర్. కాటన్ అనేది సొంత పేరు. ఇంగ్లండ్ నుంచి 1633లో అమెరికా వెళ్లిన జాన్ కాటన్ ఆయనకు తల్లి వైపు తాత. తాత ఇంటిపేరు మనవడికి పేరు అయింది. 1721లో బోస్టన్‌లో మశూచి వచ్చినప్పుడు టీకా లాంటి పద్ధతిని సమర్థించింది ఈ మాథరే. ఆ పద్ధతి గురించి ఆయనకు చెప్పింది ఒనెసిమస్ అనే ఆఫ్రికన్ బానిస. ఆ ఒనెసిమస్‌కు ఇంటిపేరే లేదు.

1935లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన జేమ్స్ కాటన్ నల్లజాతి సంగీతకారుడు. బ్లూస్ సంగీతంలో హార్మోనికా వాయించడంలో పెద్ద పేరు. తల్లిదండ్రులు నిజంగానే పత్తి చేలలో పనిచేశారు. అంతమాత్రాన ఇంటిపేరు పత్తి నుంచి వచ్చిందని రాయకూడదు. అమెరికాలో బానిసత్వం పోయాక నల్లవాళ్లు రకరకాల దారుల్లో ఇంటిపేర్లు తీసుకున్నారు. ఒక్కో కుటుంబానిదీ ఒక్కో కథ, కాగితం దొరికితే తప్ప చెప్పలేం.

స్పెల్లింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అక్షరం మారితే వంశం మారినట్టు కాదు. 17వ శతాబ్దంలో ఒకే మనిషి తన పేరును రెండు రకాలుగా రాసుకోవడం మామూలు. న్యూయార్క్ ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు వలసవచ్చినవాళ్ల పేర్లు మార్చేశారన్న కథ కూడా నిలవదు. వాళ్లు ఓడలో తయారై వచ్చిన జాబితా చూసి సరిచూసుకునేవాళ్లు. పేర్లు మారింది ఎక్కువగా ఆ తర్వాత, ఆ మనుషుల ఇష్టంతోనే.

మా క్యాటలాగులో ‘కాటన్, ఆర్థర్’ అని ఇంటిపేరు ముందు పెట్టి కామా వేస్తాం. ఇంగ్లిష్‌వాళ్లకు అది తిరగేసిన పేరు. మనకు అలవాటైన వరసే అది. కిందటి నెల ఆ రికార్డు మళ్లీ తెరిచి ‘హోప్, ఎలిజబెత్ రీడ్, 1842-1922, కూతురు, ఇది కూడా చూడండి’ అని ఒక లైను చేర్చాను. తండ్రి పేరుతో వెతికేవాళ్లకు ఇప్పుడు కూతురు రాసిన పుస్తకం కూడా దొరుకుతుంది.